రిమోట్ నొక్కితే వెనక డోరు సగంలో ఆగుతోంది, కీ కూడా దూరడం లేదు – ఎండలు ముదరకముందు లాకులకు ఏం చేయాలి?

పటమట_పెట్రోల్ (విజయవాడ)

అందరికీ నమస్కారం అండి. 2016 మోడల్ పెట్రోల్ హ్యాచ్‌బ్యాక్, సెంట్రల్ లాకింగ్ కంపెనీ నుంచి వచ్చిందే. బండి రోడ్డు పక్కనే, రోజంతా ఎండలోనే ఉంటుంది. ఇబ్బందులు ఇవీ:

వెనక ఎడమ డోరు రిమోట్ నొక్కితే ఒక్కోసారి లాక్ పడుతుంది, ఒక్కోసారి టిక్కుమని సగంలో ఆగిపోతుంది. లోపలి నాబ్ చేత్తో నొక్కితే పడుతుంది కానీ గట్టిగా ఉంది. డ్రైవర్ డోరు ఒక దెబ్బకి మూసుకోదు, రెండోసారి గట్టిగా వేయాలి. ఎప్పుడూ రిమోటే వాడటం వల్ల డ్రైవర్ వైపు కీ రంధ్రంలో కీ సగం దూరి ఆగిపోతోంది.

ఒక మెకానిక్ లాక్ మోటార్ మార్చేయమన్నారు, ఇంకొకరు స్ప్రే కొడితే సరిపోతుందన్నారు. ఏ భాగానికి ఏది వాడాలి, ఎంత వాడాలి, ఏడాదికి ఎన్నిసార్లు చేయాలి? తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి.

తాళం_పని_గుంటూరు

మోటార్ మార్చడానికి తొందరపడకండి సార్. చేత్తో నొక్కినా గట్టిగా ఉంది అన్నారు చూడండి, అసలు సంగతి అక్కడే ఉంది. లాక్ మోటార్ చాలా చిన్నది, దాని పళ్ళ చక్రాలు ఎక్కువగా ప్లాస్టిక్‌వే. లాచ్, అంటే డోరును పట్టి ఉంచే కొక్కెం భాగం, ఫ్రీగా ఉంటే అర సెకనులో దాని పని అయిపోతుంది. లాచ్‌లో గ్రీజు ఎండిపోయి, దుమ్ము కలిసి నల్లటి ముద్దయితే ఆ చిన్న మోటారే ఆ బిగువునంతా నెట్టాలి. అలా కొన్నాళ్ళు నెట్టాక పళ్ళు అరుగుతాయి, లేదంటే వైండింగ్ (మోటార్ లోపలి తీగ చుట్ట) కాలిపోతుంది. లాచ్ శుభ్రం చేయకుండా కొత్త మోటార్ వేస్తే అదీ అలాగే పోతుంది. కొన్ని బండ్లలో లాచ్, మోటార్ కలిపి ఒకే పీసుగా వస్తాయి. అంటే గ్రీజు నిర్లక్ష్యం చేస్తే మొత్తం యూనిట్టే కొనాల్సి వస్తుంది.

ముందు లాచ్ సంగతి చూద్దాం. డోరు తెరిస్తే దాని అంచున ఇనుప నాలుక ఒకటి కనిపిస్తుంది, కొక్కెంలా వంపు తిరిగి ఉంటుంది. బాడీ వైపు ఉన్న స్ట్రైకర్ కడ్డీని పట్టుకునేది అదే. కింద పాత గుడ్డ పరిచి, నాలుక మీదా దాని వెనక సందులోకీ డబ్ల్యూడీ-40 లాంటిది రెండు మూడు సెకన్లు కొట్టండి. ఐదు నిమిషాలు నాననిచ్చి పాత టూత్‌బ్రష్‌తో రుద్దండి. నల్ల ముద్ద ఊడి వస్తుంది. గుడ్డతో తుడిచి మళ్ళీ కొట్టండి, కారేది నల్లగా కాకుండా శుభ్రంగా వచ్చేదాకా. తర్వాత పదిహేను నిమిషాలు డోరు తెరిచి ఆరనివ్వండి. ఈ ఆరబెట్టడం మానేస్తే పైన వేసే గ్రీజు పలచబడి కారిపోతుంది.

ఆరాక వైట్ లిథియం గ్రీజు స్ప్రే తీసుకుని, సన్న గొట్టం పెట్టి నాలుక తిరిగే ఇరుసు దగ్గర ఒక సెకను, లోపల దాన్ని ఆపే చిన్న పట్టీ దగ్గర ఒక సెకను కొట్టండి. ఇక చాలు. ఎక్కువైతే దుమ్మును పిలిచి కూర్చోబెడుతుంది.

ఇప్పుడు పరీక్ష. డోరు తెరిచే ఉంచి, స్క్రూడ్రైవర్ కాడతో ఆ నాలుకను మూసుకునే వైపు నెట్టండి. టక్, టక్ అని రెండు మెట్లు వినిపించాలి. మొదటిది సగం మూత, రెండోది పూర్తి మూత. ఆ స్థితిలోనే రిమోట్‌తో ఐదారుసార్లు లాక్, అన్‌లాక్ చేసి చూడండి. అయ్యాక బయటి హ్యాండిల్ లాగితే నాలుక టప్పున తెరుచుకోవాలి. నాలుక మూసుకుని ఉండగా డోరు వేయకండి. స్ట్రైకర్ వచ్చి నేరుగా ఇనుముకు తగిలి నాలుక వంగుతుంది, రంగు పెచ్చు ఊడుతుంది. పిల్లలు పక్కన ఉంటే పని అయ్యేవరకు ఒకరు డోరు పట్టుకోవాలి.

కీ సిలిండర్ (కీ దూరి తిరిగే భాగం) పద్ధతి పూర్తిగా వేరు. అందులో గ్రీజు వద్దు, ఇంజిన్ ఆయిల్ వద్దు, కొబ్బరి నూనె అసలే వద్దు. లోపల పలచటి ఇత్తడి రేకులు, వెంట్రుకంత సన్నని స్ప్రింగులు ఉంటాయి. నూనె పడితే దుమ్ము అంటుకుని రేకులు పైకి లేచినవి లేచినట్టే నిలబడిపోతాయి. అప్పుడే కీ సగం దూరి ఆగుతుంది. మీ కీ రంధ్రంలో ఇంతకుముందు ఎవరూ నూనె వేయలేదు అనుకుంటే, రంధ్రం ముందున్న చిన్న మూతను కీ కొనతో తోసి, గ్రాఫైట్ పొడి ఒక్క ఊదు మాత్రం లోపలికి వెళ్ళనివ్వండి. కీని నెమ్మదిగా పెట్టి తీస్తూ ఉండండి, ప్రతిసారీ గుడ్డతో తుడవండి. దారి దొరికాక మెల్లగా తిప్పండి. నూనె ముందే వేసి ఉంటే గ్రాఫైట్ వాడకూడదు, రెండూ కలిస్తే మట్టి ముద్దవుతుంది. అప్పుడు కాంటాక్ట్ క్లీనర్‌తో (కరెంటు పిన్నులు శుభ్రం చేసే, త్వరగా ఆరిపోయే స్ప్రే) కడిగి, ఆరాక టెఫ్లాన్ డ్రై స్ప్రే కొట్టాలి. కీ తిరగకపోతే కటింగ్ ప్లేయర్‌తో మాత్రం పట్టి తిప్పకండి. విరిగిన ముక్క లోపల ఉండిపోతే సిలిండర్ విప్పాల్సిందే.

ఇక నెలకోసారైనా కీతో తెరిచి మూయండి. రిమోట్ సెల్లు అయిపోయినా, బండి బ్యాటరీ దిగిపోయినా లోపలికి వెళ్ళే దారి ఆ ఒక్క రంధ్రమే. చాలా కొత్త బండ్లలో డ్రైవర్ డోరుకు తప్ప ఇంకెక్కడా కీ రంధ్రం ఇవ్వడం లేదు.

బందరు_రోడ్డు_రాజు

అన్నా, ఆటోనగర్‌లో చాలామంది లాచ్‌కి డబ్ల్యూడీ-40 కొట్టి పంపించేస్తారు, వెంటనే స్మూత్ అవుతుంది కదా. మళ్ళీ గ్రీజు అవసరమా?

తాళం_పని_గుంటూరు

అవసరమే తమ్ముడూ. ఆ పేరులో డబ్ల్యూడీ అంటేనే నీటిని తరిమేది. అందులో ఎక్కువ భాగం ద్రావకం. తుప్పును వదులు చేస్తుంది, పాత గ్రీజును బాగా కరిగిస్తుంది, అందుకే కొట్టగానే మెత్తబడుతుంది. ద్రావకం ఆవిరయ్యాక మిగిలేది పల్చటి పొర, దానికి లాచ్ ఒత్తిడి తట్టుకునే బలం ఉండదు. పైగా అప్పటికి ఉన్న కాస్త గ్రీజునూ కడిగేసి ఉంటుంది. కడగడానికి అది, రాయడానికి గ్రీజు. మన దగ్గర మే నెలలో ఎండలో నిలబెట్టిన బండి రేకు చేయి పెట్టలేనంత కాలుతుంది. ఆ వేడికి పలచటివి ఏవీ నిలవవు.

పటమట గారి రెండో ఇబ్బంది మరిచాను. డ్రైవర్ డోరు ఒక దెబ్బకి మూసుకోకపోతే, లాచ్ శుభ్రం చేశాక కూడా అలాగే ఉంటే, స్ట్రైకర్ చూడండి. కడ్డీ మీద ఒకవైపే మెరుస్తూ అరిగిన గీత ఉంటే డోరు కిందికి జారినట్టు. డోరు సగం తెరిచి చివర పట్టుకుని పైకి ఎత్తి చూడండి. ఆట (వదులు) ఉంటే డోరు కీళ్ళ (హింజ్) పిన్నులు అరిగాయి, అది ముందు చూడాలి. ఆట లేకపోతే స్ట్రైకర్ చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, బోల్టులు కాస్త వదులు చేసి, ఒక్క మిల్లీమీటరు జరిపి బిగించి చూడండి. గీత లేకుండా మొదలుపెడితే పాత స్థానం మళ్ళీ దొరకదు. కడ్డీకి గ్రీజు వేలితో పల్చగా రాసి తుడిచేయండి, లేకపోతే దిగేటప్పుడు చీరలకీ ప్యాంట్లకీ అంటుకుంటుంది.

డోరు చుట్టూ ఉండే రబ్బరు బీడింగ్ గట్టిపడినా డోరు మూసుకోవడానికి మొరాయిస్తుంది. గుడ్డకు సిలికాన్ స్ప్రే కొట్టి, ఆ గుడ్డతో రబ్బరు తుడవండి. పెట్రోలు, కిరోసిన్ తగిలితే రబ్బరు ఉబ్బుతుంది.

మిర్చి_యార్డ్_రూటు (గుంటూరు)

ఎప్పుడు చేయాలని అడిగారు కాబట్టి: ఫిబ్రవరి, మార్చిలో ఒకసారి, వానలు తుపానులు అయ్యాక డిసెంబర్‌లో ఒకసారి. లారీల దుమ్ములో తిరిగే బండ్లకు, సూర్యలంక, మంగినపూడి బీచ్‌లకు తరచూ వెళ్ళే బండ్లకు మధ్యలో ఇంకోసారి. ఉప్పు గాలి తగిలాక లాచ్‌ను, స్ట్రైకర్‌ను తడిగుడ్డతో తుడిచి ఆరబెట్టి మళ్ళీ కాస్త గ్రీజు రాయడం మంచిది.

వాటర్ సర్వీసింగ్‌లో ప్రెషర్ గన్ నేరుగా డోరు అంచు మీద పెడతారు. ఉన్న గ్రీజంతా ఒక్క వాషింగ్‌తో పోతుంది. డోరు అంచులు గుడ్డతో తుడవమని ముందే చెప్పండి.

ఇంకొకటి ఎవరూ చూడనిది, డోరు అడుగున ఉండే నీటి రంధ్రాలు. అద్దం పక్కనుంచి డోరు లోపలికి దిగిన వాననీరు బయటకు పోయేది వాటి గుండానే. దుమ్ముతో పూడుకుపోతే నీరు లోపలే నిలిచి, ఆ తేమకు రేకు అడుగు నుంచి, లాక్ కనెక్టర్లు లోపల నుంచి తుప్పు పడతాయి. డోరు ఊపితే నీళ్ళ చప్పుడు వస్తే ఇదే. ప్లాస్టిక్ కేబుల్ టై కొనతో పొడిచి శుభ్రం చేయాలి. ఇనుప తీగ పెడితే రంగు గీసుకుని తుప్పు అక్కడే మొదలవుతుంది.

2024 సెప్టెంబర్ బుడమేరు వరదలో విజయవాడ సింగ్‌నగర్ వైపు ఎన్నో బండ్లు మునిగాయి. అలా మునిగిన బండ్లను సెకండ్ హ్యాండ్‌లో చూసేవాళ్ళు లాచ్ సందులో టార్చి వేసి చూడండి. సీట్లు మార్చవచ్చు, కార్పెట్ ఉతకవచ్చు, ఆ సందులో ఎండిన ఒండ్రు మాత్రం ఎవరూ కడగరు. మునిగిన బండికి పైపైన స్ప్రే కొడితే చాలదు. డోర్ ప్యాడ్ (డోరు లోపలి వైపు పలక) విప్పి, లాచ్ బయటకు తీసి మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరబెట్టి, కనెక్టర్ పిన్నుల మీద పచ్చటి చిలుము ఉంటే కాంటాక్ట్ క్లీనర్‌తో పోగొట్టి అప్పుడు గ్రీజు వేయాలి.

పటమట_పెట్రోల్

చాలా వివరంగా చెప్పారు, అందరికీ ధన్యవాదాలు. లాచ్ కడిగి గ్రీజు వేశాను. నాబ్ ఇప్పుడు ఒక్క వేలితో పడుతోంది. డ్రైవర్ డోరు ఒక దెబ్బకే మూసుకుంటోంది, స్ట్రైకర్ ముట్టుకోలేదు. గ్రాఫైట్‌తో కీ పూర్తిగా దూరి తిరిగింది. కానీ వెనక ఎడమ డోరు రిమోట్‌కి ఇంకా ఒక్కోసారి పలకడం లేదు. గమనించింది ఏంటంటే, డోరు కొంచెం తెరిచి ఉంచితే ప్రతిసారీ లాక్ కదులుతోంది, పూర్తిగా మూస్తే కదలడం లేదు. ఆ డోరు స్పీకర్ కూడా అప్పుడప్పుడు ఆగిపోతోంది.

బెజవాడ_వైరింగ్

డోరు తెరిచినప్పుడు పనిచేసి మూస్తే ఆగుతోంది, స్పీకర్ కూడా తోడైంది అంటే మోటార్ బాగానే ఉన్నట్టు. వైరు లోపల తెగింది. డోరు కీళ్ళ దగ్గర పిల్లర్‌కీ (డోరు బిగించి ఉన్న బాడీ స్తంభం) డోరుకీ మధ్య మడతల రబ్బరు గొట్టం ఉంటుంది, దానిలోనే చూడాలి. డోరు తెరిచి మూసిన ప్రతిసారీ వైర్లు అక్కడే వంగుతాయి. ఏళ్ళ తరబడి వంగి వంగి పైన పొర బాగానే ఉండి లోపల రాగి తెగుతుంది.

ముందు బ్యాటరీ మైనస్ టెర్మినల్ తీయండి. రబ్బరు గొట్టాన్ని ఒక చివర నుంచి జాగ్రత్తగా లాగి వెనక్కి జరపండి. ఒక్కో వైరును వేళ్ళతో పట్టి మెల్లగా లాగి చూడండి. రాగి తెగినది రబ్బరులా సాగుతుంది. తెగినచోట రెండు కొసలు మెలిపెట్టి టేపు చుట్టడం వద్దు, ఎండకు టేపు జిగురు కరిగి విడిపోతుంది. వంగే చోటే టంకం వేస్తే దాని అంచున మళ్ళీ తెగుతుంది. పాత వైరు మందమే ఉన్న మెత్తటి ఆటో వైరు కొత్త ముక్క తీసుకుని, కాస్త వదులు ఉండేలా, రెండు అతుకులూ వంగే చోటికి అవతల, ఒకటి పిల్లర్ లోపల, ఒకటి డోరు లోపల వచ్చేలా టంకం వేసి, హీట్ ష్రింక్ స్లీవ్ (వేడి తగిలితే ముడుచుకుని బిగుసుకునే గొట్టం) తొడగండి. ఒక వైరు తెగిందంటే పక్కవీ అదే వయసువి, అన్నీ లాగి చూడండి. రబ్బరు గొట్టం అంచులు మళ్ళీ గాడిలో కూర్చోకపోతే వాన నీరు ఆ దారినే లోపలికి వస్తుంది.

లోపలి అతుకు కోసం డోర్ ప్యాడ్ విప్పాల్సి వస్తే, దాని వెనక అంటించిన ప్లాస్టిక్ షీటును చింపకండి. జిగురు పట్టీని మెల్లగా ఊడదీసి, పని అయ్యాక అదే చోట అంటించాలి. చాలా షెడ్లలో దాన్ని చింపి పారేస్తారు. తర్వాతి వానకు డోరు లోపలి నీరు ప్యాడ్ మీదికీ కార్పెట్ మీదికీ వస్తుంది. ప్యాడ్ క్లిప్పులు ఒకటి రెండు విరుగుతాయి, ముందే నాలుగైదు కొని పెట్టుకోండి.

ఇదే తరహాలో ఇంకెవరికైనా ఉపయోగపడేవి రెండు మూడు. నాలుగు డోర్లూ ఒకేసారి నీరసంగా కదిలితే లాచ్ జోలికి పోకండి. ఇంజిన్ ఆపి కొన్ని గంటలు ఆగాక బ్యాటరీ వోల్టేజ్ చూడండి, 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2కి దిగితే ముందు బ్యాటరీ చార్జింగ్ సంగతి. నాలుగూ అసలు కదలకపోతే ఫ్యూజ్. దగ్గరికి వెళ్తేనే రిమోట్ పనిచేస్తుంటే బటన్ సెల్లు. ఎక్కువ బండ్లలో సీఆర్2032, కొన్నింటిలో వేరే సైజు, లోపల ఉన్నదాని మీద నెంబరు చూసే కొనండి. మీటర్‌లో 2.8 వోల్టుల కిందికి వస్తే మార్చేయండి. లాక్ పడి వెంటనే అదే తెరుచుకుంటుంటే ఏదో ఒక లాచ్ లోపలి స్విచ్ మురికిపట్టి డోరు తెరిచే ఉందని చెబుతోందేమో చూడాలి.

బేస్ మోడల్ కొని బయట షాపులో సెంట్రల్ లాక్ వేయించుకున్నవాళ్ళకు: డ్రైవర్ డోరు మోటార్‌కు మామూలుగా ఐదు వైర్లు, మిగతావాటికి రెండేసి వైర్లు ఉంటాయి. డ్రైవర్ డోరుదే మిగతా మూడింటికీ ఆజ్ఞ ఇస్తుంది కాబట్టి అన్నీ ఒకేసారి ఆగితే ముందు అక్కడే వెతకండి. మోటార్ కడ్డీ వంకరగా బిగిస్తే ప్రతిసారీ పక్కకు రాసుకుంటుంది, లాచ్ కడ్డీతో ఒకే వరసలో తిన్నగా కదలాలి.

పటమట_పెట్రోల్

గొట్టం లాగి చూశాను అండి. రెండు వైర్లు సాగాయి, ఒకటి నీలం, ఒకటి నలుపు గీతతో తెలుపు. వెనక డోర్లలో చైల్డ్ లాక్ (పిల్లలు లోపలి నుంచి తెరవకుండా ఆపేది) పుల్ల కూడా బిగుసుకుపోయి ఉంది, దానికి కూడా లిథియం గ్రీజేనా?

తాళం_పని_గుంటూరు

అదే గ్రీజు, పుల్ల సందులోకి అర సెకను చాలు. కొట్టి, పైకీ కిందికీ పదిసార్లు కదపండి. అయ్యాక వెనక డోరు మూసి, లోపల కూర్చుని హ్యాండిల్ లాగి చూడండి, ఇంకొకరు బయట నిలబడి ఉండాలి. చైల్డ్ లాక్ తీసినా లోపలి నుంచి తెరుచుకోకపోతే హ్యాండిల్ కేబుల్ ఊడిందో తెగిందో అయి ఉంటుంది. వైరింగ్ కోసం ప్యాడ్ ఎలాగూ విప్పుతున్నారు, అప్పుడే కేబుల్ చివర ఉండే ప్లాస్టిక్ క్లిప్పు కూడా చూసేయండి. ఎండకు పెళుసెక్కి విరిగేది ముందు అదే. ఎండాకాలంలో వెనక సీట్లో పిల్లలు ఉన్నప్పుడు ఆ డోరు లోపలి నుంచీ బయటి నుంచీ కూడా తెరుచుకోకుండా పోతే చాలా ప్రమాదం, దీన్ని వాయిదా వేయకండి.