తాతగారి సిగరెట్ కార్డులకు, నాన్నగారి క్రికెట్ బొమ్మలకు చెమ్మ పట్టింది. ఎలా దాచుకోవాలి?

ప్రశ్న (బరంపురం నుంచి)

సభ్యులందరికీ నమస్కారం. మా తాతగారు రంగూన్‌లో పనిచేసే రోజుల్లో సిగరెట్ పెట్టెల్లో వచ్చే క్రికెట్ ఆటగాళ్ల కార్డులను పోగుచేసి, 1940లో సెలవు మీద స్టీమరెక్కి గోపాలపురం రేవులో దిగినప్పుడు వాటిని ఒక బిస్కెట్ల రేకు డబ్బాలో పెట్టుకుని వచ్చారట. అందులో జాన్ ప్లేయర్ అండ్ సన్స్ వారి 1938 నాటి క్రికెటర్ల కార్డులు 34 మిగిలాయి. మా నాన్నగారు 1980ల చివర బిగ్ ఫన్ బబుల్‌గమ్‌తో వచ్చిన ఆటగాళ్ల బొమ్మలను ప్లాస్టిక్ జేబుల ఆల్బమ్‌లో దాచారు. నా వంతుగా 1990ల నాటి ట్రంప్ కార్డులు ఉన్నాయి, వాటికి రబ్బరు బ్యాండు వేసి ఉంచాను.

మొన్న భాద్రపదంలో అటక మీది నుంచి అన్నీ దింపి చూస్తే గుండె జారిపోయింది. డబ్బా లోపల తుప్పు పట్టింది, కొన్ని కార్డుల మీద తెల్లని బూజు నూగులా కనబడుతోంది, నాలుగు సిగరెట్ కార్డులు ఒకదానికొకటి అతుక్కుపోయాయి. ఆల్బమ్ జేబులు జిగటగా ఉండి కొత్త రెయిన్‌కోటు వాసన వేస్తున్నాయి. వెండిపురుగులు రెండు కార్డుల అంచులు కొరికాయి. అమ్మేమో కలరా ఉండలు వేసి మూత బిగించమంటోంది. వీటిని అమ్మే ఉద్దేశం లేదు, మా అబ్బాయికి అందించాలని మాత్రమే కోరిక. ఏది ముందు చేయాలో దయచేసి చెప్పగలరు.

జవాబు (రాయగడ నుంచి)

అయ్యా, మా ఇంట్లో పాత ఫొటోలన్నీ లామినేషన్ చేయించాము, పదిహేనేళ్లుగా చెక్కుచెదరలేదు. కార్డుకు పది, పదిహేను రూపాయలతో పని అయిపోతుంది. మీరూ అదే చేయించండి.

జవాబు (పర్లాకిమిడి నుంచి, విశ్రాంత గ్రంథాలయ ఉద్యోగి)

రాయగడ మిత్రులు మంచి మనసుతోనే చెప్పారు గాని, దయచేసి లామినేషన్ జోలికి పోకండి. వేడితో కరిగిన జిగురు కాగితపు పీచులోకి దిగిపోతుంది, ఆ తరువాత దానిని విడదీయడం సాధ్యం కాదు. లోపల చెమ్మ మిగిలి ఉంటే దానిని కూడా కార్డుతో పాటే బంధించినట్లవుతుంది. రేపు మీ అబ్బాయికి ఇంతకన్నా మంచి పద్ధతి దొరికినా, ఈ పనిని వెనక్కి తిప్పుకునే దారి ఉండదు.

మన తీరపు గాలిలో అసలు చిక్కు మూత సరిగా పడకపోవడం కాదు, తడి ఆరకముందే మూత బిగించడం. మీ డబ్బాలో జరిగింది అదే. గాలిలో తేమ 65, 70 శాతం దాటి కొన్నాళ్లు నిలిస్తే బూజు లేస్తుంది. బరంపురంలో వానాకాలమంతా ఆ హద్దు దాటే ఉంటుందని మీకు నేను చెప్పనక్కరలేదు. అందుచేత ముందు ఆరనివ్వండి, దాచే పెట్టె సంగతి తరువాత చూద్దాం.

బూజు పట్టిన కార్డులను ఈ రోజే మిగతావాటి నుంచి వేరు చేసి, ప్లాస్టిక్ సంచిలో కాకుండా కాగితపు కవర్లలో ఉంచండి. ఫ్యాను ఉన్న పొడి గదిలో, ఎండ తగలని చోట, తెల్లని బ్లాటింగ్ పేపరు మీద విడివిడిగా పరిచి కొన్ని రోజులు వదిలేయండి. ఫ్యాను గాలి నేరుగా కార్డుల మీదికి కొట్టకూడదు. నూగు పూర్తిగా ఎండి పొడిపొడిగా మారిన తరువాత ముక్కుకు మాస్కు కట్టుకుని, వరండాలో కూర్చుని, మెత్తని బొమ్మల కుంచెతో మీకు అవతలి వైపుకు దులపండి. తడిగుడ్డతో తుడిస్తే మరక లోపలికి పాకుతుంది. ఎండలో పెడితే బూజు చస్తుంది, నిజమే, కానీ దానితో పాటు రంగూ వెలిసిపోతుంది, అట్ట వంపు తిరుగుతుంది.

అతుక్కున్న నాలుగింటిని ఇప్పుడు ముట్టుకోకండి. 1930లలో ప్లేయర్స్ వారు చాలా కార్డుల వెనుక ముందే జిగురు పూసి ఇచ్చేవారు. ఆల్బమ్‌లో అంటించుకోవడానికి కొంచెం తడి చేస్తే చాలునన్నది వారి ఉద్దేశం. ఆ సదుపాయమే ఎనభై ఏళ్ల తరువాత మన చెమ్మలో శాపమైంది. గోటితో, బ్లేడుతో లాగితే ఒక కార్డు మీది బొమ్మ రెండో కార్డు వెనుక ఉన్న జిగురుకు అంటుకుని ఊడివస్తుంది.

మళ్లీ అడిగినవారు

మాస్టారూ, ఎంతో వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. కలరా ఉండల సంగతి, ఆల్బమ్ సంగతి కూడా చెప్పండి. బజారులో దొరికే కవర్లలో ఏది మంచిదో పోల్చుకోవడం ఎలా?

జవాబు (పర్లాకిమిడి నుంచి)

కలరా ఉండల ఆవిరి కొన్ని రకాల ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది, వాసన కాగితంలో ఏళ్ల తరబడి నిలిచిపోతుంది, పైగా మూసిన గదిలో మనుషులకూ మంచిది కాదు. కాబట్టి కార్డులున్న పెట్టెలో వాటిని వేయవద్దని అమ్మగారికి నా మాటగా చెప్పండి. వెండిపురుగు తేమ కోసం, కాగితం మీది గంజి, జిగురు కోసం వస్తుంది. పెట్టె పొడిగా ఉంటే దానికి అక్కడ ఆసక్తి తగ్గుతుంది. గుడ్లు మిగిలి ఉంటాయని అనుమానమైతే, పూర్తిగా ఆరిన కార్డులను జిప్ కవరులో గాలి తీసి మూసి ఇంటి డీప్ ఫ్రీజరులో రెండు వారాలు ఉంచండి. బయటికి తీసిన తరువాత ఒక రోజంతా గది వేడికి వచ్చేదాకా కవరు విప్పకండి, లేకపోతే చల్లని కార్డు మీద నీటి తుంపర పడుతుంది.

మీ ఆల్బమ్ పి.వి.సి. తోనే చేసి ఉంటుంది. ప్లాస్టిక్ మెత్తగా ఉండడానికి కలిపిన నూనె పదార్థం కాలం గడిచేకొద్దీ బయటికి ఊరుతుంది, జిగటకు, వాసనకు అదే కారణం. బొమ్మలను వీలైనంత త్వరగా అందులోంచి తీయండి. లాగినప్పుడు రాకపోతే బలవంతం చేయకుండా జేబు ప్లాస్టిక్‌నే అంచుల వెంట కత్తిరించి విప్పండి.

కొత్త కవర్లు పాలీప్రొపిలీన్‌వో పాలిథీన్‌వో ఐతే ఫరవాలేదు. పాలిస్టర్ అన్నిటికన్నా మేలైనదే గాని ఖరీదు ఎక్కువ. ఇంటి పరీక్ష ఒకటి ఉంది. కవరు నుంచి చిన్న ముక్క కత్తిరించి, ఒక చుక్క సబ్బు కలిపిన నీటిలో ముంచి వదలండి. పాలీప్రొపిలీన్, పాలిథీన్ తేలుతాయి. పి.వి.సి. మునుగుతుంది. పాలిస్టర్ కూడా మునుగుతుంది కాబట్టి మునిగినదల్లా చెడ్డదనుకోకండి. అంగడివాడు పాలిస్టర్ అని చెప్పగా, వాసన లేక గాజులా గలగలలాడితే నమ్మవచ్చు.

ఈనాటి కవర్లు 63.5 x 89 మిల్లీమీటర్ల కార్డులకు తయారవుతున్నాయి. మీ సిగరెట్ కార్డులు దాదాపు 36 x 68 మిల్లీమీటర్లే, అందులో వేస్తే లోపల అటూఇటూ జారి మూలలు నలుగుతాయి. వాటికి చిన్న జేబుల పేజీలు వెతకండి. గట్టి అట్టలాంటి ప్లాస్టిక్ టాప్‌లోడర్లు కొంటే, వాటిలో నేరుగా పెట్టకుండా ముందు పలుచని కవరు తొడిగి దానితో సహా పెట్టండి. ట్రంప్ కార్డుల రబ్బరు బ్యాండు ఇవాళే తీసేయండి. ఆ రబ్బరు కరిగి అంచులకు అంటుకుంటుంది, లేదా పొడిబారి కార్డు మీద గీత వేస్తుంది.

జవాబు (ఛత్రపురం నుంచి)

మాస్టారి మాటలకు ఒక్క సంగతి కలుపుతాను. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాలపురం దగ్గర తీరం దాటిన రాత్రి మా పెంకులు లేచిపోయి, అటక మీదున్న నా స్పోర్ట్‌స్టార్ పోస్టర్లన్నీ తడిసి ముద్దయ్యాయి. నేల మీదుంటే వరద, అటక మీదుంటే పైకప్పు. అప్పటి నుంచి మధ్య ఎత్తులో, బయటి గోడకు ఆనకుండా, లోపలి గదిలోని స్టీలు బీరువాలో ఉంచుతున్నాను. తుపాను హెచ్చరిక రాగానే పెట్టెను రెండు ప్లాస్టిక్ సంచుల్లో కట్టేస్తాను, ప్రమాదం దాటగానే విప్పేస్తాను.

జవాబు (పర్లాకిమిడి నుంచి)

తిత్లీ వరదలప్పుడు 2018లో మా గజపతి జిల్లాలో ఎన్ని ఇళ్ల కాగితాలు పోయాయో! ఎప్పుడైనా తడిస్తే నున్నని కాగితపు కార్డులను తడిగా ఉండగానే విడదీయాలి, కలిసి ఆరితే బండలా అంటుకుపోతాయి. ఒకటి రెండు రోజుల్లో ఆరబెట్టడం వీలుకాకపోతే జిప్ కవరులో ఫ్రీజరులో పెట్టి వ్యవధి తెచ్చుకోండి. కరెంటు ఉంటేనే అనుకోండి.

పెట్టె కోసం రబ్బరు అంచు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, తేమను పీల్చే, రంగు మారే సిలికా జెల్ గుళికలు, ఒక చిన్న డిజిటల్ తేమ మీటరు చాలు. మీటరు 45 నుంచి 55 మధ్య చూపితే నిశ్చింతగా ఉండండి. మరీ 35 కిందికి దిగితే అట్ట వంగుతుంది, అప్పుడు జెల్ కొంత తీసేయండి. నీలంరంగు జెల్‌లో ఆరోగ్యానికి మంచిది కాని కోబాల్ట్ ఉంటుంది, నారింజరంగుది కొనండి. అది ఆకుపచ్చగా మారినప్పుడు వంటకు వాడని పళ్లెంలో పోసి ఓవెన్‌లో 110, 120 డిగ్రీల వేడి మీద గంట, రెండు గంటలు ఉంచితే మళ్లీ పనికివస్తుంది. డబ్బా మూయడం మాత్రం పుష్య మాఘాల్లో, గాలి పొడిగా ఉన్న రోజున పెట్టుకోండి.

మళ్లీ అడిగినవారు

మాస్టారూ, అతుక్కున్న నాలుగూ మిగిలాయి. వాటిని ఎప్పటికైనా విడదీయవచ్చునా?

జవాబు (పర్లాకిమిడి నుంచి)

కాగితాల సంరక్షణ తెలిసినవారు చెమ్మను కొద్దికొద్దిగా అందించి విడదీస్తారు, మనం ఇంట్లో చేయదగినది కాదు. అన్నీ ఆరిన తరువాత ఆ నాలుగింటినీ కలిపే ఒక కవరులో పెట్టి, పైన కనబడే రెండు వైపులా స్కాన్ తీసి ఉంచండి. విడదీయగలిగిన మనిషి దొరికేదాకా అవి అలాగే ఉండనివ్వండి.