శుక్రవారం సభ: సిస్టమ్ తప్పు చెప్తే జవాబు ఎవరిది? (పనుల పంపకం)

సభ సమన్వయకర్త:
అందరికీ నమస్కారం, అస్సలాము అలైకుం. ఇక్కడ ఖతర్‌లో, దోహాలో హాలు ఖాయమైంది. మగ్రిబ్ (సూర్యాస్తమయం) నమాజు అయ్యాక మొదలుపెట్టి, ఇషాకి (రాత్రి నమాజుకి) విరామం ఇచ్చి, భోజనాలు పెట్టుకుందాం. పనులు పంచుకునే ముందు విషయం గురించి కొంచెం చెప్పాలి.

పోస్టర్ మీద "ఏఐ హలాలా, హరామా?" (మతం ఒప్పుతుందా, వద్దంటుందా) అని వేద్దామని కొందరన్నారు. ఆ మాట చూసి జనం వస్తారు, కాదనను. కానీ ఎలా వాడుతున్నామన్నదాన్ని బట్టి ఉంటుందని తేల్చేసి పావుగంటలో ఇంటికి పంపేయాల్సి వస్తుంది. అసలు ప్రశ్న వేరు. ఒక యంత్రం వల్ల మనిషికి అన్యాయం జరిగితే దానికి ఎవరు జవాబు చెప్పాలి? ఇస్లాంలో లెక్క అప్పజెప్పాల్సింది బుద్ధి, ఎంపిక ఉన్న మనిషి. ప్రళయదినాన సాఫ్ట్‌వేర్‌ని ఎవరూ విచారించరు. అందుకే "సిస్టమ్ అలా చూపించిందండీ" అంటే జవాబు చెప్పినట్టు కాదు. సభంతా ఈ మాట చుట్టూ తిరగాలని నా కోరిక.

మొదటి ఉదాహరణ తెలంగాణదే తీసుకుందాం. సమగ్ర వేదిక పేరుతో రకరకాల శాఖల రికార్డులు కలిపి, పేర్లూ చిరునామాలూ పోల్చి, రేషన్ కార్డుకి ఎవరు అనర్హులో చెప్పే సాఫ్ట్‌వేర్ పెట్టారు. హైదరాబాద్‌లో ఒక పెద్దావిడ కుటుంబం కార్డు పోయింది. భర్త పేరున కారు ఉందట! ఆయన రిక్షా తొక్కిన మనిషి. కారు దాదాపు అదే పేరున్న ఇంకొకరిది. కారు లేదని రుజువు చేసుకునే భారం ఆవిడ నెత్తిన పడింది. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రద్దయిన సుమారు 19 లక్షల కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ సరిచూడమని చెప్పింది. మన సభ్యుల్లో చాలామంది ఇళ్లల్లో ఆ బియ్యం తిన్నవాళ్లే. వాళ్లకి దీని బరువు వేరే చెప్పక్కర్లేదు.

దీని పక్కన ఖురాన్ 49వ సూరా (అధ్యాయం) 6వ ఆయతు (వాక్యం) పెట్టి చదవండి. నమ్మదగని మనిషి ఏదైనా వార్త తెస్తే విచారించుకోండి, తెలియక జనానికి హాని చేసి తర్వాత పశ్చాత్తాప పడేరు అన్నది దాని సారాంశం. అదే సూరాలో 12వ ఆయతు ఊరికే అనుమానించడాన్నీ, కూపీలు లాగడాన్నీ వద్దంటుంది. పేదవాణ్ని ముందే దొంగగా చూసే లెక్కలకి ఇంతకంటే సూటిగా ఏం చెప్పాలి?

రెండోది, వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడే నష్టానికి పూచీ అని అబూ దావూద్ సంకలనంలో ఉన్న హదీసు (ప్రవక్త మాట). ఐటీలో పనిచేసే మనవాళ్లు కచ్చితంగా వినాలి. సరిగా పరీక్షించకుండా జనం మీదకి వదిలిన ఏఐ మోడల్‌కి పూచీ ఎవరిదని వాళ్లనే అడుగుదాం. పాత బజార్లలో తూకాలు, కొలతలు తనిఖీ చేసే ముహ్తసిబ్ అనే అధికారి ఉండేవాడు. ఇవాళ ఆ పని ఎవరు చేయాలో కూడా మాట్లాడదాం, టైం ఉంటే.

ఇది ముస్లిం సభ్యుల కోసం మాత్రమే పెట్టింది కాదు. అందరూ రావాలి.

రిజిస్ట్రేషన్ చూసే తమ్ముడు:
అన్నా, ఫారం రెడీ. పేరు, ఫోన్, మతం, పిల్లలు ఎంతమంది, అన్నీ పెట్టా. గేటు దగ్గర ముఖం చూసి లోపలికి పంపే యాప్ ఒకటి ఫ్రీగా దొరికింది, క్యూ తగ్గుతుంది. పెట్టేద్దామా?

సభ సమన్వయకర్త:
తమ్ముడూ, కష్టపడ్డావు, కానీ మతం, పిల్లల కాలమ్‌లూ, ముఖం చూసే యాప్ కూడా తీసేద్దాం. ఖతర్‌లో వ్యక్తిగత సమాచారానికి 2016 నాటి 13వ నంబరు చట్టం ఉంది. మతం, ఆరోగ్యం, పిల్లల వివరాల్ని అది ప్రత్యేకమైనవిగా చూస్తుంది, వాటికి సంబంధిత ప్రభుత్వ శాఖ ముందస్తు అనుమతి కావాలి. మతం కాలమ్ భోజనాల లెక్కకేగా? వెజ్, నాన్‌వెజ్ అని అడిగితే చాలు. ముఖాల ఫొటోలు ఆ ఫ్రీ యాప్‌వాళ్ల దగ్గర ఎన్నాళ్లుంటాయో నువ్వు చెప్పగలవా? నేనైతే చెప్పలేను. మనల్ని నమ్మి ఇచ్చిన సమాచారం అమానతు. అమానతులు హక్కుదారులకి అప్పగించమని 4వ సూరా 58వ ఆయతులో ఉంది. సభలో ఈ మాటలు చెప్పి, గేటు దగ్గర మనమే తప్పితే ఎలా? పేర్ల జాబితా ప్రింటు తీసి టిక్ పెడదాం. సభ అయ్యాక ఫారంలో వివరాలు నువ్వే తీసేసి, తీసేశానని ఇక్కడ రాయి.

తర్జుమా చూసే భాయ్:
అన్నా, పిల్లలు ఒక స్టాల్ అడుగుతున్నారు. టాబ్లెట్‌లో చాట్‌బాట్ పెట్టి, నమాజు, జకాత్ (తప్పనిసరి దానం) గురించి ఎవరేం అడిగినా జవాబు చెప్పిస్తారట. బాగుంటుంది కదా?

సభ సమన్వయకర్త:
భాయ్, దీనికి మాత్రం నేను ఒప్పుకోను. చాట్‌బాట్లు లేని హదీసుని కూడా ఉన్నట్టే చెప్పేస్తాయి, పైగా పుస్తకం పేరు, నంబరుతో సహా. ఎవరు ఎవరి దగ్గర విన్నారో గొలుసు మొత్తం పట్టుకుని పరీక్షించిన సంప్రదాయం ఇది. ప్రవక్త పేరు మీద తెలిసి అబద్ధం చెప్పడాన్ని ఎంత ఘోరంగా చూస్తారో మీకు నేను చెప్పాలా? ముఫ్తీ (మత ప్రశ్నలకి తీర్పు చెప్పే పండితుడు) అయితే అడిగిన మనిషి పరిస్థితి కూడా కనుక్కుని చెప్తారు. దుబాయ్‌లో 2019లో మత వ్యవహారాల శాఖ వర్చువల్ ఇఫ్తా అని, మత ప్రశ్నలకి ఏఐతో జవాబులిచ్చే సేవ పెట్టింది. దాని వెనక ఒక శాఖ ఉంది, తప్పొస్తే వెళ్లి అడగొచ్చు. మన టాబ్లెట్ వెనక ఎవరున్నారు? 

పిల్లల ఉత్సాహాన్ని మాత్రం వదలొద్దు. చాట్‌బాట్ ఇచ్చిన కొన్ని జవాబులు ముందే తీసి పెట్టి, ఏది నిజమైన హదీసో, ఏది కల్పితమో పెద్దల సాయంతో వెతికి పట్టుకునే ఆట పెట్టించండి. స్టాల్ పేరు వాళ్లనే ఆలోచించమనండి.

భోజనాలు చూసే అక్క:
సరే, నా మాట కూడా వినండి. ఇండస్ట్రియల్ ఏరియా కార్మికుల క్యాంపుల నుంచి వచ్చే అబ్బాయిలు క్యాంపు బస్సు టైంకి వెళ్లిపోవాలి. మాటలు సాగదీస్తే వాళ్లు తినకుండా పోతారు. బిర్యానీ, పప్పు, పెరుగన్నం ఇషా కాగానే వడ్డించేస్తా. వుజూకి (నమాజుకి ముందు కాళ్లూ చేతులూ కడుక్కోవడానికి) నీళ్లు, ఆడవాళ్ల నమాజుకి పక్క గది కూడా అడిగి ఉంచా.

సభ సమన్వయకర్త:
అక్కా, మీరన్నట్టే. అయితే రేషన్ కార్డు సంగతి, దాని మీద చర్చ ఇషాకి ముందే పూర్తి చేస్తా, ఆ అబ్బాయిలు తప్పకుండా వినాల్సింది అదే. ఐటీవాళ్ల చర్చ భోజనాల తర్వాత.

ఇంకా మిగిలినవి: ఇక్కడి హమద్ బిన్ ఖలీఫా విశ్వవిద్యాలయంలో ఇస్లామిక్ చట్టం, నైతికత మీద పరిశోధన కేంద్రం ఉంది. అక్కడి నుంచి ఎవరైనా మాట్లాడగలరేమో అడగడానికి అరబీ వచ్చినవాళ్లు కావాలి. భాయ్, మీరు వెళ్తారా? ఉర్దూ, తెలుగు రెండిట్లో వినిపించేలా ఇంకొకరు మైకు దగ్గర ఉండాలి. ఆయతుల తెలుగు అనువాదం స్లైడ్ల మీద పెట్టే ముందు ఇమాం గారికి చూపించాలి, ఆ పని నాది. ఫొటోలు తీసేవాళ్లు ముందు వరుసలో కూర్చున్నవాళ్లని అడిగి తీయండి, వద్దన్నవాళ్లకి వేరే వైపు కుర్చీలు వేద్దాం. ఎవరు ఏ పని తీసుకుంటున్నారో రేపు రాత్రిలోపు కింద రాయండి.