అప్‌డేట్: బీకామ్ చదివి, డబ్బు కట్టకుండా కోడింగ్ నేర్చుకోవచ్చా అని అడిగాను కదా

గాజువాకలో ఓ కోచింగ్ సెంటర్‌కి కట్టిన అడ్వాన్స్ తిరిగి రాలేదు. మీరు చెప్పినట్టే హార్వర్డ్ యూనివర్సిటీ వాళ్ల ఆన్‌లైన్ కంప్యూటర్ సైన్స్ కోర్సు సీఎస్50 ఉచితంగా మొదలుపెట్టాను. బ్లాకులు జతచేసి ప్రోగ్రాం కట్టే స్క్రాచ్ వారం హాయిగా గడిచింది. వెంటనే సీ అనే ప్రోగ్రామింగ్ భాష! హ్యాష్ (#) గుర్తులతో పిరమిడ్ కట్టడానికి నాలుగు రాత్రులు పట్టింది. వరసకి ఖాళీలెన్ని, హ్యాష్‌లెన్ని అని కాగితం మీద రాసుకున్నాకే లూప్‌లో (ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడ్‌లో) ఇంకో లూప్ ఎందుకో అర్థమైంది. అమ్మని నిద్రలేపి మరీ చూపించాను. ఆరో వారంలో అదే పిరమిడ్ పైథాన్ అనే ఇంకో భాషలో కొన్ని లైన్లలోనే అయిపోయింది. అయినా సీతో పడ్డ కష్టం వృథా కాలేదు.

ఫ్రీకోడ్‌క్యాంప్ అనే ఇంకో ఉచిత కోడింగ్ సైట్‌లో నేర్చుకోవడం ప్రస్తుతానికి ఆపాను, రెండూ ఒకేసారి కుదరలేదు. ఇప్పుడు పూర్ణా మార్కెట్‌లో మామయ్య కొట్టు బాకీల లెక్కని ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌లతో పనిచేసే భాష) వాడి డేటాబేస్‌లోకి ఎక్కిస్తున్నాను. ఉద్యోగం ఇంకా రాలేదు. ధైర్యం చెప్పిన అందరికీ చాలా థాంక్స్ అండి.