బేస్‌బాల్ గ్రౌండ్‌లో అరిచే ఈ మాటలకు అర్థాలేంటండీ?

ఫ్రిస్కో_నాన్న: మా వాడు లిటిల్ లీగ్‌లో చేరాడు. ఆట కొంచెం కొంచెం బుర్రకెక్కుతోంది గానీ గట్టు మీద పేరెంట్స్ అరుపులే అంతు పట్టట్లేదు. శనివారం బంతి గాల్లోకి లేవగానే కోచ్ "క్యాన్ ఆఫ్ కార్న్" అన్నాడు. కాసేపటికి "డక్స్ ఆన్ ద పాండ్" అని ఇంకో గోల. క్రికెట్ చూసి పెరిగిన మనకు డక్ అంటే సున్నాయే కదా! తెలిసినవాళ్ళు చెప్పండి.

గుంటూరు_గూగ్లీ: డక్స్ అంటే బేస్‌ల మీద (పరుగు తీస్తూ మధ్యలో ఆగే చోట్లు) నిలబడ్డ రన్నర్లండీ. ఒక్క మంచి హిట్ పడితే రన్సే. క్యాన్ ఆఫ్ కార్న్ అంటే లడ్డూలాంటి క్యాచ్. పాత కిరాణా కొట్లలో పై అరలోని డబ్బాను పొడుగు కర్రతో కదిపి, కింద ఏప్రన్‌లో పట్టుకునేవారట, అలా వచ్చిందంటారు. క్యాచ్ కాకుండా పిచర్ వేసిన బంతే లడ్డూ అయితే మీట్‌బాల్. శాకాహారులు సర్దుకుపోవాలి :)

బే_ఏరియా_బాబాయ్: నన్నడిగితే అన్నిట్లోకీ మెండోసా లైన్ కథే బాగుంటుంది. మారియో మెండోసా మెక్సికో నుంచి వచ్చిన షార్ట్‌స్టాప్, అంటే రెండో, మూడో బేస్‌ల మధ్య నిలబడే ఫీల్డర్. ఫీల్డింగ్ అదుర్స్, బ్యాటింగ్ అంతంతమాత్రం. 1979లో సియాటిల్ మెరైనర్స్ తరఫున అతని సగటు .198. అంటే ఐదుసార్లు బ్యాట్ పడితే ఒక్క హిట్ కూడా గ్యారంటీ లేదు. (.300 ఉంటే మంచి బ్యాటర్ కింద లెక్క.) తోటి ఆటగాళ్ళు సరదాకి మొదలుపెట్టిన మాట స్టార్ బ్యాటర్ జార్జ్ బ్రెట్ నోట పడి ఊరంతా పాకింది. ఇప్పుడు .200 కిందికి జారిన ప్రతివాడూ "మెండోసా లైన్ కింద" ఉన్నట్టే. పాపం, మెండోసా కెరీర్ సగటు .215. తన పేరు పెట్టిన గీతకు ఆయన పైనే ఉన్నాడు!

చికాగో_చిన్నోడు: బాబాయ్, స్టేడియంలో కె అక్షరం అట్టలు వేలాడదీస్తారు కదా, కొన్ని తిరగేసి ఎందుకుంటాయి?

బే_ఏరియా_బాబాయ్: కె అంటే స్ట్రైకౌట్, అంటే కొట్టాల్సిన బంతుల్ని వదిలేసో, ఊపి మిస్సయ్యో మూడు స్ట్రైక్‌లు పడి బ్యాటర్ ఔటవడం. బ్యాట్ ఊపి మిస్సయితే మామూలు కె, మూడో స్ట్రైక్‌ని బొమ్మలా చూస్తూ నిలబడితే తిరగేసిన కె. స్కోరు రాసే ఈ పద్ధతి 19వ శతాబ్దంలో హెన్రీ చాడ్విక్ అనే క్రీడా రచయిత పెట్టింది. ఎస్ అప్పటికే శాక్రిఫైస్‌కి (తను ఔటయి రన్నర్‌ని ముందుకు పంపడం) వాడేశాడు, అందుకని "స్ట్రక్"లో చివరి అక్షరం తీసుకున్నాడు. ఒకే మ్యాచ్‌లో నాలుగుసార్లు స్ట్రైకౌటయితే గోల్డెన్ సాంబ్రెరో. మూడుకి హ్యాట్‌ట్రిక్ కాబట్టి నాలుగుకి ఇంకా పెద్ద టోపీ.

గుంటూరు_గూగ్లీ: క్రికెట్‌లో హ్యాట్‌ట్రిక్ బౌలర్‌కి పండగ, ఇక్కడ బ్యాటర్‌కి పరువు తక్కువ. చిన్ మ్యూజిక్ మాత్రం రెండు ఆటల్లోనూ ఒకటే, గడ్డం దగ్గరికి దూసుకొచ్చే బంతి.

ఆస్టిన్_అక్క: వాకాఫ్ మర్చిపోయారు. ఈ మాటని వాడుకలోకి తెచ్చింది పిచర్ డెనిస్ ఎకర్స్‌లీ. ఆఖర్లో గెలుపు హోమ్‌రన్ ఇచ్చేసిన పిచర్ తలొంచుకుని నడిచి వెళ్ళిపోవాలి కాబట్టి వాకాఫ్. 1988 వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌లో కుంటుకుంటూ వచ్చిన కర్క్ గిబ్సన్ ఆయన బౌలింగ్‌లోనే అలాంటిది కొట్టాడు. ఇప్పుడేమో బ్యాటర్ సంబరానికే ఆ పేరు స్థిరపడిపోయింది.

ఫ్రిస్కో_నాన్న: థాంక్స్ అక్కా. "పికిల్" అని కూడా అరుస్తున్నారు, అదేంటి?

ఆస్టిన్_అక్క: రెండు బేస్‌ల మధ్య రన్నర్ ఇరుక్కోవడం. మా అమ్మాయి సాఫ్ట్‌బాల్‌లో రెండుకీ మూడుకీ మధ్య ఇరుక్కుంది. ఇద్దరు పిల్లలు బంతి అటూ ఇటూ విసురుకుంటుంటే ఇది అటో అడుగు, ఇటో అడుగు. చివరికి ఒక త్రో తల మీంచి పోయింది, ఇది హోమ్ ప్లేట్ దాకా పరిగెత్తింది. అందుకే ఫీల్డింగ్ పిల్లలకి కోచ్‌లు చెప్పేది ఒక్కటే: త్రోలు తగ్గించి, రన్నర్‌ని వచ్చిన బేస్ వైపే తరమండి అని. మీ వాడికీ చెప్పండి.