అప్‌డేట్: ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ చైన్ ఒకచోట బిగిసి, మరోచోట వదులయ్యే సమస్య తీరింది

వెనుక చక్రం తిరిగినంతసేపూ పెడల్ కూడా తిరుగుతూనే ఉండే నా ఫిక్స్‌డ్ గేర్ సైకిల్‌లో, పెడల్ తిరిగే ప్రతి చుట్టులోనూ చైన్ ఒకచోట బిగుసుకుని, మరోచోట వేలాడుతోందని పర్లాకిమిడి నుంచి ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ముందున్న చైన్ వీల్‌ను (పెడళ్ల దగ్గరి పళ్ల చక్రాన్ని) చూడమన్న మాటే నిజమైంది. బరంపురంలో సైకిల్ మేస్త్రీ స్కేలు పెట్టి కొలవగా, 12 అంగుళాల పొడవుకు సాగుదల 1/16 అంగుళం కన్నా తక్కువే ఉన్నందున కొత్త చైన్ అక్కరలేదని తేలింది. క్రాంక్ (పెడల్ బిగించే కడ్డీ) ఒకే స్థానానికి వచ్చిన ప్రతిసారీ బిగుతు కనబడుతోంది గనుక దోషం పట్టేసిన లింకుది కాదనీ, చైన్ వీల్ సరిగ్గా నడిమధ్యన కూర్చోలేదనీ ఆయన ఓపికగా చూపించారు. దాని బోల్టులను కొద్దిగా వదులు చేసి, క్రాంక్‌ను మెల్లగా తిప్పుతూ, చైన్ బాగా బిగిసినచోట ఆ చైన్‌పైనే స్పానర్‌తో తేలికగా తట్టేసరికి చైన్ వీల్ వెంట్రుకవాసి జరిగింది. ఆపై ఎదురెదురు బోల్టులను కొంచెం కొంచెంగా బిగించారు. ఇప్పుడు అత్యంత బిగుతైన చోట కూడా చైన్ సుమారు అర అంగుళం ఆడుతోంది. ఇక్కడ చైన్ వెడల్పు గురించి జరిగిన చర్చ ఈ సమస్యకు సంబంధించినది కాదు. 1/8 అంగుళం వెడల్పు చైన్ 3/32 అంగుళం చైన్‌కు సరిపోయే సన్నని పళ్లపై చక్కగానే నడుస్తుంది. ఫ్రీవీల్ (పెడల్ ఆపినా చక్రాన్ని తిరగనిచ్చే భాగం) లేని ఇలాంటి సైకిల్‌లో చైన్ ఊడితే వెనుక చక్రం పట్టేయవచ్చు కాబట్టి, ఇదే లక్షణం ఉన్నవారు దయచేసి ఆలస్యం చేయవద్దు.