గర్భిణులు కల్లు తాగుతున్నారా అని అంగన్‌వాడీలో అడగాలా?

సియాటెల్ శ్రీను: మా జనగామ వైపు కడుపుతో ఉన్నవాళ్లకు చలువ చేస్తుందని కల్లు పోస్తారు. గర్భంతో ఉన్నప్పుడు ఇంత తాగితే ఫర్వాలేదన్న కొలత ఏదీ లేదు. ఆల్కహాల్ మాయ (ప్లసెంటా) దాటి బిడ్డకు చేరుతుంది. మెదడు దెబ్బతింటే మందులతో మామూలు కాదు. 1973లో దీనికి ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్ అని పేరు పెట్టింది ఇక్కడి సియాటెల్ డాక్టర్లే. 1991 నుంచి ఇక్కడ ఒక పథకం ఉంది. తాగుడు, డ్రగ్స్ అలవాటున్న తల్లి ఇంటికి ఒకే మనిషి మూడేళ్లు వెళ్తుంది. చికిత్స, ఇల్లు, పిల్లల సంగతి అన్నీ చూస్తుంది. మనకు ఆశాలు, అంగన్‌వాడీలు ఉన్నారుగా. ప్రతి గర్భిణినీ అడిగి రాసుకుంటే సరిపోదా?

గీత బిడ్డ: అమెరికాలో ఉన్నవాళ్లకు కల్లే దొరికింది. పులవని నీరాలో ఆల్కహాల్ ఉందా? చెప్పు.

శ్రీను: నీరా అని నేను అననే లేదు అన్నా. లొట్టికి సున్నం పూయకపోతే గంటల్లో పులుస్తుంది, నీకు తెలియనిదా?

గీత బిడ్డ: నీరాలో ఉందా లేదా? మా నాన్న తాడి మీంచి పడి మంచాన పడ్డప్పుడు ఏ డాక్టరూ చర్చ పెట్టలేదు.

పల్లె పోరడు: పాప్‌కార్న్ తెచ్చుకున్నా 🙂

అంగన్‌వాడీ టీచర్: ఆరోగ్యలక్ష్మి భోజనం, గుడ్డు, పాలు, బరువులు, యాప్‌లో ఫొటోలు. ఇక ఇదీ నా నెత్తినేనా? కల్లు వద్దని చెప్తూనే ఉన్నా. ఇంటికి పోతే అత్తే గ్లాసు చేతికిస్తుంది.

శ్రీను: అందుకే రాసుకోవాలి మేడం. ఎవరు తాగుతున్నారో తెలియకుండా సాయం ఎవరికి చేస్తాం?

అంగన్‌వాడీ టీచర్: రాసుకోవాలా! మా సెంటర్‌లో ఒక బాబుకు మాటలు రాలేదు. ఎందుకో ఏ డాక్టరూ తేల్చలేదు. చూడ్డానికి వచ్చిన ఒకాయన అందరి ముందూ తల్లిని “తాగేదానివా?” అన్నాడు. ఆమె మళ్లీ గడప తొక్కలేదు. పిల్లాడికి గుడ్డూ పోయింది, నలుగురు పిల్లల్లో ఆటా పోయింది. మొగుణ్ని మాత్రం ఒక్కరూ అడగలేదు.

గీత బిడ్డ: నేను మొదటి నుంచీ అదే అంటున్నా.

అంగన్‌వాడీ టీచర్: నువ్వన్నది నీరా తమ్ముడూ. కల్లు వద్దని నేను చెప్పడం మాననుగాక మానను, నీకు కోపమొచ్చినా సరే. రిజిస్టర్‌లో మాత్రం ఎక్కించను. శ్రీను గారూ, మీ దగ్గర ఒక్కో మనిషికి ఎన్ని కుటుంబాలు?

శ్రీను: 15, 16.

అంగన్‌వాడీ టీచర్: నాకూ అన్నే ఇవ్వండి, మూడేళ్ల టైమూ ఇవ్వండి. అడక్కుండానే వాళ్లే చెప్తారు.

గీత బిడ్డ: ఇంత మాట్లాడారు, బెల్టు షాపు ఊసు ఒక్కరైనా ఎత్తారా?