పుట్ ఆఫ్, కాల్ ఆఫ్, రన్ అవుట్: ఏది ఎప్పుడు వాడాలి?

యార్డ్ గుమస్తా, గుంటూరు
మిర్చి ఎగుమతి ఆఫీసులో కొలంబో బయ్యర్లకు మెయిల్స్ రాసే పని నాది. గ్రామర్ ఫర్వాలేదు గానీ ఈ జంట మాటల దగ్గరే చెయ్యి ఆగిపోతోంది. లోడింగ్ సోమవారానికి మారితే పుట్ ఆఫ్ అనాలా, కాల్ ఆఫ్ అనాలా? గోతాలు అయిపోయాయి అనడానికి రన్ అవుటా, రన్ అవుట్ ఆఫా?

బ్రాడీపేట ట్యూటర్
వాయిదా పడితే పుట్ ఆఫ్, రద్దయితే కాల్ ఆఫ్ అండి. తికమకంతా మన కేన్సిల్ వల్ల. ‘ఇవాళ లోడింగ్ కేన్సిలంట, సోమవారం పెట్టుకుందాం’ అనేస్తాం. అది కేన్సిల్ కాదు, వాయిదా. ఇంగ్లీషులోకి దిగేముందే వాయిదానా, రద్దా తేల్చుకోండి. కొత్త తేదీ ఉంటే ‘పుట్ ఆఫ్ టిల్ మండే’. కాల్ ఆఫ్ పక్కన ‘టిల్ మండే’ కుదరదు. ఆ మాట చూస్తే బయ్యర్ లోడింగే లేదనుకుంటాడు.

తేదీ ముందుకు జరిపితే ప్రీపోన్ అని బయటి దేశాలకు రాయకండి, అది ఎక్కువగా మన దగ్గరే నడుస్తుంది. ‘బ్రాట్ ఫార్వర్డ్ టు ఫ్రైడే’ అనండి.

సత్యనారాయణపురం, బెజవాడ
రన్ అవుట్‌కి కర్త ఎవరో చూడాలి. ‘మాకు గోతాలు అయిపోయాయి’ అన్నా తెలుగులో కర్త గోతాలే. ఇంగ్లీషులో ఆ ‘మాకు’ కాస్తా ‘ఉయ్’ అయి కర్త స్థానంలోకి వస్తుంది. అప్పుడు ఆఫ్ తప్పనిసరి: ‘ఉయ్ హావ్ రన్ అవుట్ ఆఫ్ గన్నీ బ్యాగ్స్’. సరుకే కర్తయితే ఆఫ్ అక్కర్లేదు: ‘ద గన్నీ బ్యాగ్స్ హావ్ రన్ అవుట్’. జాగ్రత్త, ఈ ఆఫ్‌కి ఒకే ఎఫ్. పుట్ ఆఫ్‌లో ఉన్నది రెండు ఎఫ్‌ల ఆఫ్. మన నోట రెండూ ఒకేలా పలుకుతాయి కాబట్టి టైప్ చేసేటప్పుడు తారుమారవుతాయి.

ఇంకోటి. ‘ఇట్’ వాడితే మధ్యలోనే రావాలి: ‘పుట్ ఇట్ ఆఫ్’. ‘పుట్ ఆఫ్ ఇట్’ తప్పు. ‘రన్ అవుట్ ఆఫ్ ఇట్’లో మాత్రం చివరే. లెర్నర్స్ డిక్షనరీలో అర్థం కంటే ముందు ‘సమ్‌థింగ్’ అన్న మాట మధ్యలో అచ్చయిందా, చివర అచ్చయిందా చూడండి. ‘ఇట్’ చోటు కూడా అదే.

యార్డ్ గుమస్తా, గుంటూరు
అయితే ఇది సరిపోతుందా సార్? ‘ద లోడింగ్ ఈజ్ పుట్ ఆఫ్ టిల్ మండే బికాజ్ ద గన్నీ బ్యాగ్స్ ఆర్ రన్ అవుట్.’

బ్రాడీపేట ట్యూటర్
రెండు మార్పులు. నిర్ణయం ఇప్పటికే జరిగిపోయింది కాబట్టి ‘ఈజ్’ బదులు ‘హాజ్ బీన్ పుట్ ఆఫ్’ అనండి. ‘ఆర్ రన్ అవుట్’ మాత్రం పూర్తిగా తప్పు, ‘హావ్ రన్ అవుట్’ కావాలి. వాయిదా ఒకరు వేస్తే పడేది, అందుకే పాసివ్ నప్పుతుంది. గోతాలు వాటంతటవే అయిపోతాయి, అక్కడ పాసివ్ రాదు.